ఎండాకాలంలో ఓవర్‌క్లాక్ చేసిన కంప్యూటర్: ప్రాసెసర్ వేడిని సరిగ్గా చదవడం, చల్లబరచడం ఎలా

మార్చి దాటిందంటే ఓవర్‌క్లాక్ చేసిన, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపే సిస్టమ్‌లు మొరాయించడం మొదలుపెడతాయి. చలికాలమంతా నిక్షేపంగా నడిచినది ఏప్రిల్‌లో వీడియో రెండర్ సగంలో ఉండగా రీస్టార్ట్ అవుతుంది, లేదంటే ఫ్యాన్లు హోరెత్తిపోతాయి. ఏదో ఒక సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే 92 డిగ్రీలు అంటుంది. ఇంకోటి అదే నిమిషంలో 74 అంటుంది. టెన్షన్ పడి చాలామంది ముందుగా చేసేది కొత్త కూలర్ కొనడం. దయచేసి ఆ పని ఆఖరికి పెట్టుకోండి. ముందు మీరు చూస్తున్న అంకె నిజమో కాదో తేలాలి. నిజమైతే ఆ వేడి గదిదా, కూలర్ లోపమా, మీరు పెంచిన వోల్టేజీదా అన్నది తేలాలి. ఈ మూడింటికీ మందు వేరు వేరు. ఇవన్నీ ఇంట్లోనే, ఒక పూటలో తేల్చుకోవచ్చు.

1. గది వేడి కొలవండి

ప్రాసెసర్ వేడిని ఒంటరిగా చూస్తే ఏమీ తెలియదు. ఫ్యాన్ కూలరైనా, వాటర్ కూలరైనా చివరికి వేడిని వదిలేది గదిలోని గాలిలోకే. అందుకని గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. జనవరిలో 22 ఉన్న గది మే నెలలో 40కి చేరితే, మీరు ఒక్క సెట్టింగ్ కూడా ముట్టుకోకపోయినా ప్రాసెసర్ 18 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది.

ఒక చిన్న డిజిటల్ రూమ్ థర్మామీటర్ కొని, క్యాబినెట్ గాలి పీల్చుకునే వైపు జానెడు దూరంలో పెట్టండి. ఫోన్‌లో వాతావరణం యాప్ చూపే అంకె ఇక్కడ పనికిరాదు. అది ఊరి వేడి. డాబా కింద పై అంతస్తు గదిలో రాత్రి తొమ్మిదింటికి కూడా స్లాబు వేడి దిగుతూనే ఉంటుంది. బయట 33 ఉన్నప్పుడు లోపల 37 ఉండడం అక్కడ మామూలే. ఇక క్యాబినెట్‌ని కంప్యూటర్ టేబుల్ అరలో పెట్టి తలుపు వేసేవాళ్ల సంగతి వేరే చెప్పాలా, ఆ అరలో పెట్టి కొలిస్తే మీకే తెలుస్తుంది.

2. ఏ అంకెను చూడాలో తెలుసుకోండి

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, అందులో సెన్సర్ల పేజీ మాత్రమే తెరవండి. పదుల కొద్దీ వరుసలు కనిపిస్తాయి. వాటిలో మీకు కావలసినవి రెండో మూడో.

ఇంటెల్ అయితే "సీపీయూ ప్యాకేజ్", "కోర్ మ్యాక్స్" చూడండి. ఏఎండీ రైజెన్ అయితే "టీడై" అని ఉన్న వరుస చూడండి. ఇవి ప్రాసెసర్ చిప్‌లోని సెన్సర్లు చెప్పేవి. మదర్‌బోర్డు విభాగం కింద ఒట్టి "సీపీయూ" అని ఇంకో అంకె ఉంటుంది. అది బోర్డు మీదున్న వేరే చిప్ ద్వారా వస్తుంది. చాలా బోర్డుల్లో అది ప్రాసెసర్ కూర్చునే సాకెట్ దగ్గరి వేడి కాబట్టి లోడ్ (బరువైన పని) పడినప్పుడు ఆలస్యంగా, తక్కువగా పెరుగుతుంది. రెండు సాఫ్ట్‌వేర్లు రెండు అంకెలు చూపించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. ఒకటి చిప్ వేడి చూపిస్తోంది, ఇంకోటి బోర్డు వేడి చూపిస్తోంది.

అదే విభాగంలో "ఆక్స్‌టిన్" లాంటి పేరుతో ఒకటి 127 డిగ్రీలనో, మైనస్ 60 అనో చూపిస్తే కంగారు పడొద్దు. బోర్డు చిప్‌కి సెన్సర్ తగిలించుకోవడానికి కాళ్లుంటాయి, బోర్డు కంపెనీ అక్కడ ఏమీ తగిలించకుండా వదిలేస్తుంది. ఖాళీ కాలు నుంచి వచ్చే చెత్త అంకె అది. కుడి క్లిక్ చేసి దాన్ని దాచేయండి.

ఇంకో మాట. వేడి చూపించే సాఫ్ట్‌వేర్లు రెండు మూడు ఒకేసారి నడపకండి. బోర్డు కంపెనీ ఇచ్చిన ఫ్యాన్ కంట్రోల్ యాప్, ఆర్‌జీబీ లైట్ల యాప్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అన్నీ ఒకే చిప్‌ని ఒకేసారి అడిగితే మధ్య మధ్యలో అర్థం లేని అంకెలు దూకుతాయి, ఒక్కోసారి ఫ్యాన్ వేగం కూడా సున్నా అని చూపిస్తుంది.

3. అంకె అబద్ధమాడుతోందేమో పరీక్షించండి

ఇక్కడ కొంచెం లోపలికి వెళ్దాం, ఎందుకంటే గందరగోళమంతా ఇక్కడే పుడుతోంది.

ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉన్న సెన్సర్ "నేను 70 డిగ్రీల మీద ఉన్నాను" అని చెప్పదు. "నా గరిష్ఠ హద్దుకి ఇంకా 30 డిగ్రీల దూరంలో ఉన్నాను" అని చెబుతుంది. ఆ హద్దుని టీజేమ్యాక్స్ అంటారు. సాఫ్ట్‌వేర్ ఆ హద్దులోంచి 30 తీసేసి మనకు 70 అని చూపిస్తుంది. కోర్ 2 డుయో, కోర్ 2 క్వాడ్ రోజుల్లో ఈ హద్దు ఎంతో ప్రాసెసర్‌ని అడిగి తెలుసుకునే వీలు లేదు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు తలా ఒక అంచనా వేసుకున్నారు, అందుకే ఒకే ప్రాసెసర్‌కి ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో వేడి కనిపించేది. 2008లో వచ్చిన నెహాలెమ్ తరం నుంచి ఆ హద్దు ప్రాసెసర్‌లోనే రాసి ఉంటోంది. పాత కోర్ 2 మెషీన్‌ని ఇప్పటికీ నడుపుతుంటే మాత్రం కోర్ టెంప్ అనే సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో టీజేమ్యాక్స్ ఎంత అని పెట్టి ఉందో ఒకసారి చూసుకోండి.

ఈ సెన్సర్లు హద్దు దగ్గర పడేకొద్దీ కచ్చితంగా ఉంటాయి, దూరంగా ఉన్నప్పుడు తప్పుతాయి. అంటే 90 అని చూపిస్తే నమ్మవచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు ఒక కోర్ (ప్రాసెసర్‌లో పని చేసే ఒక విభాగం) 34, పక్క కోర్ 41 అని చూపిస్తే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఖాళీగా ఉన్నప్పటి వేడి గురించి బెంగపడడం నా దృష్టిలో పూర్తిగా సమయం వృథా.

ఏఎండీ కథ వేరు. మొదటి తరం రైజెన్‌లో 1600ఎక్స్, 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు ఫ్యాన్లని నడపడానికి ఇచ్చే "టీసీటీఎల్" అంకె అసలు వేడికన్నా కావాలనే 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. 2700ఎక్స్‌లో ఆ తేడా 10. పాత సాఫ్ట్‌వేర్‌తో చూస్తే 60 డిగ్రీల ప్రాసెసర్ 80గా కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో ఇవి ఇప్పటికీ చేతులు మారుతున్నాయి కాబట్టి గుర్తుపెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసుకుంటే సరిపోతుంది. ఇంకా వెనక్కి, ఎఫ్‌ఎక్స్ ప్రాసెసర్లలో రివర్స్: ఖాళీగా ఉన్నప్పుడు గదికన్నా తక్కువ చూపిస్తాయి.

అసలు పరీక్ష ఇలా చేయండి. రాత్రంతా సిస్టమ్ ఆపి ఉంచండి, పొద్దున్నే ఏసీ వేయకముందు ఆన్ చేసి నేరుగా బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల పేజీలోకి) వెళ్లండి. మొదటి అర నిమిషంలో కనిపించే అంకె గది వేడికన్నా కొంచెం పైన ఉండాలి. గది 31 ఉంటే 36, 40, 45, ఏదైనా నమ్మదగ్గదే. గదికన్నా తక్కువ చూపిస్తే ఆ అంకె కచ్చితంగా తప్పు, ఎందుకంటే గాలితో చల్లబడే వస్తువు గాలికన్నా చల్లగా ఉండలేదు. అలాగే వదిలేస్తే బయోస్‌లోనే 50 దాటవచ్చు, అది లోపం కాదు. విండోస్‌లో లాగా అక్కడ ప్రాసెసర్ పూర్తిగా విశ్రాంతిలోకి వెళ్లదు.

రెండో పరీక్ష: సినీబెంచ్ లాంటి పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో లోడ్ వేసి, ఆపండి. వేసిన సెకనులోనే అంకె పది పదిహేను డిగ్రీలు ఎగరాలి, ఆపగానే అలాగే పడాలి. చిప్ చాలా చిన్నది, దాని వేడి అంత త్వరగా మారుతుంది. అంకె నిమిషాల తరబడి నింపాదిగా ఎక్కుతుంటే మీరు చూస్తున్నది బోర్డు సెన్సర్. అసలు కదలకపోతే సెన్సర్ ఇరుక్కుపోయినట్టు.

కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్‌తో కూలర్‌ని కొలిచి చూడాలని కొందరికి అనిపిస్తుంది. వద్దు. అది మనిషి ఒంటి వేడి కోసం తయారైంది. పరిశ్రమల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ కూడా మెరిసే లోహం మీద తప్పే చూపిస్తుంది.

4. తేడా రాసుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. మధ్యాహ్నం మూడింటికి, గది బాగా వేడెక్కాక, సినీబెంచ్ పది నిమిషాలు నడపండి. వాటర్ కూలర్ అయితే నీళ్లు వేడెక్కడానికి సమయం పడుతుంది కాబట్టి అరగంట. చివరి నిమిషంలో నాలుగు అంకెలు కాగితం మీద రాయండి: గది వేడి, ప్రాసెసర్ వేడి, ప్రాసెసర్ తింటున్న వాట్లు, "ఎఫెక్టివ్ క్లాక్" (నిజంగా నడుస్తున్న వేగం). తర్వాత ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసేయండి.

ఉదాహరణకి గది 41, ప్రాసెసర్ 93, పవర్ 140 వాట్లు. తేడా 52. మీరు డిసెంబర్‌లో రాసుకున్నప్పుడు గది 24, ప్రాసెసర్ 76, అవే 140 వాట్లు ఉంటే అప్పుడూ తేడా 52. అంటే కూలర్ తన పని తాను సరిగ్గా చేస్తోంది, పెరిగింది ఎండ మాత్రమే. నేరుగా 6వ మెట్టుకి వెళ్లండి. అవే వాట్లకి తేడా 65 అయిందనుకోండి, అప్పుడు లోపం కూలర్ దగ్గర ఉంది, 5వ మెట్టు మీది. వేడి చిప్ కాస్త ఎక్కువ కరెంటు లీక్ చేస్తుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీల తేడాని లెక్కలోకి తీసుకోకండి. చలికాలం లెక్క రాసుకోలేదా? తెల్లవారుజామున, గది చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేసి పోల్చండి. ఈ రెండింటిలోనూ తేడా ఒకేలా వస్తే అంకె గది వేడితో పాటు సరిగ్గా కదులుతోందని తెలుస్తుంది. కూలర్ సంగతి మాత్రం 5వ మెట్టులో చెప్పిన శుభ్రం చేశాక మళ్లీ కొలిస్తేనే తేలుతుంది.

ఎఫెక్టివ్ క్లాక్ ఎందుకంటే, హద్దు తగిలిన ప్రాసెసర్ తనను తాను నెమ్మది చేసుకుంటుంది. మీరు 4.6 గిగాహెర్ట్జ్ పెట్టినా లోడ్‌లో 4.1 మాత్రమే నడుస్తుంటే ఆ ఓవర్‌క్లాక్ కాగితం మీదే ఉంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో "థర్మల్ థ్రాట్లింగ్" పక్కన "ఎస్" (అవును) అని ఉంటే ఇక సందేహమే లేదు. అయితే ఒక సంగతి: రైజెన్ 7000 ఎక్స్ ప్రాసెసర్లు పూర్తి లోడ్‌లో 95 దగ్గర నడవడం వాటి డిజైన్. వాటిలో 95 కనిపించడం దానికదే రోగం కాదు, ఆ 95 దగ్గర వేగం ఎంత వస్తోందన్నదే చూడాలి.

5. తేడా పెరిగితే: దుమ్ము, పిన్నులు, పేస్టు

సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసి, క్యాబినెట్‌ని బాల్కనీలోకి తీసుకెళ్లండి. చేతి బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే గాలి జోరుకి గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. ఫ్యాన్ వెనక, కూలర్ రేకుల మీద దుమ్ము మెత్తని దుప్పటిలా పేరుకుని ఉంటుంది. పైనుంచి చూస్తే కనబడదు, ఫ్యాన్ విప్పితేనే తెలుస్తుంది. వంటగదికి దగ్గర్లో, లేదా రోజూ అగరుబత్తి వెలిగించే గదిలో ఉన్న సిస్టమ్‌లో ఆ దుమ్ము జిడ్డుగా అతుక్కుని ఉంటుంది, ఊదితే రాదు. పాత టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా గీకాలి.

కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటే ప్రతి పిన్నూ చేత్తో కదిపి చూడండి. ఒక్కటి వదులైనా కూలర్ ఒక మూల లేచి, కొన్ని కోర్లు మాత్రమే మిగతావాటికన్నా పదిహేను ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపించవచ్చు. పిన్ను తల మీద బాణం గుర్తు విప్పడానికి తిప్పే వైపు. బిగించేటప్పుడు దానికి వ్యతిరేకంగా తిప్పి ఉంచి, ఎదురెదురు మూలలు జతగా, టక్ మని వినపడేదాకా నొక్కాలి.

ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్టు రెండు మూడేళ్లయితే మార్చేయండి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఏఎం4 సాకెట్ రైజెన్లలో ఎండిపోయిన పేస్టు జిగురులా పట్టేస్తుంది, కూలర్‌ని నిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చి దాని అడుగునున్న పిన్నులు వంగిపోతాయి. ముందు పది నిమిషాలు లోడ్ వేసి వేడెక్కించండి, ఆపి ప్లగ్ తీయండి, స్క్రూలు వదులు చేసి కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ తీయండి. పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టండి. కొత్త కూలరైతే అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర తీశారా? అది మర్చిపోయి బిగించేవాళ్లు నిజంగానే ఉన్నారు.

వాటర్ కూలర్ ఉండి, లోడ్ వేసిన కొన్ని సెకన్లలోనే 95కి ఎగిరిపోతుంటే, రెండు గొట్టాలూ చేత్తో పట్టుకుని చూడండి. ఒకటి బాగా వేడిగా, ఇంకోటి చల్లగా ఉంటే పంపు తిరగడం లేదనే అనుమానించాలి.

6. తేడా మారకపోతే: వోల్టేజీ తగ్గించండి

ఇది ఉచితం, అన్నిటికన్నా బాగా పనిచేసేది కూడా ఇదే. ప్రాసెసర్ పుట్టించే వేడి వేగంతో పాటు మామూలుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం దాని వర్గంలో (వోల్టేజీ × వోల్టేజీ) పెరుగుతుంది. మన ఉదాహరణలో 4.6 గిగాహెర్ట్జ్, 1.35 వోల్టులు ఉన్నాయనుకుందాం. వేగం 4.4కి దించితే చాలా చిప్‌లు 1.25 వోల్టులతోనే సరిపెట్టుకుంటాయి. లెక్క వేస్తే వేడి దాదాపు 18 శాతం తగ్గుతుంది. 140 వాట్లు 115 అవుతాయి. 52 డిగ్రీల తేడా 43 అవుతుంది. 41 డిగ్రీల గదిలో 93 ఉన్న ప్రాసెసర్ 84కి దిగుతుంది. పోగొట్టుకున్నది వేగంలో నాలుగు శాతం, అది గేమ్‌లో కంటికి కనబడదు. కూలర్ మార్చితే ఈ తొమ్మిది డిగ్రీల కోసం ఎన్ని వేలు పెట్టాలో ఒకసారి ఆలోచించండి.

చేసే పద్ధతి ఇది. బయోస్‌లో వోల్టేజీ "ఆటో"లో ఉంటే ముందు దాన్ని మాన్యువల్‌కి మార్చండి, ఎందుకంటే ఓవర్‌క్లాక్ చేసినప్పుడు బోర్డులు అవసరానికి మించి వోల్టేజీ ఇస్తాయి. 0.02 వోల్టుల చొప్పున దించుతూ, ప్రతిసారీ పది నిమిషాల పరీక్ష వేయండి. సిస్టమ్ పడిపోయినా, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అడుగున "డబ్ల్యూహెచ్‌ఈఏ" (హార్డ్‌వేర్) ఎర్రర్లు కనిపించినా వోల్టేజీని రెండు మెట్లు, అంటే 0.04 వోల్టులు, మళ్లీ పెంచండి. కొత్త రైజెన్లలో కోర్ల వోల్టేజీ తగ్గించుకునే కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్ ఉంటుంది, అన్ని కోర్లకీ మైనస్ 10తో మొదలుపెట్టండి. ఇది లోడ్‌లో బాగానే ఉండి, ఖాళీగా బ్రౌజర్ చూస్తున్నప్పుడు రీస్టార్ట్ అవ్వడం ఎక్కువ, కాబట్టి ఒకటి రెండు రోజులు మామూలుగా వాడి చూడండి. రైజెన్ బోర్డుల్లో "ప్లాట్‌ఫామ్ థర్మల్ థ్రాటిల్ లిమిట్" 85 అని పెట్టుకుంటే ఎండ ఎంత ముదిరినా ప్రాసెసర్ అక్కడే ఆగుతుంది.

వీటన్నిటికన్నా ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అతి వోల్టేజీ వల్ల చిప్‌లే పాడవుతున్నాయని తేలి, 2024లో ఇంటెల్ కొత్త మైక్రోకోడ్ (బయోస్ అప్‌డేట్‌తో వచ్చే ప్రాసెసర్ లోపలి కోడ్) ఇచ్చింది. అంతకు ముందు ఏడాది ఏఎం5 సాకెట్ బోర్డుల్లో రైజెన్ ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోతే, ఎస్‌ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో కోర్లు కాని భాగానికి ఇచ్చేది) 1.3 వోల్టుల దగ్గర కట్టేశారు. ఈ ప్రాసెసర్లున్నవాళ్లకి అప్‌డేట్ తప్పనిసరి.

7. గాలి దారి

ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనక నుంచీ పైనుంచీ వేడిగాలి బయటికి. ఫ్యాన్ చట్రం కనిపించే వైపు నుంచి గాలి బయటికి వస్తుందని గుర్తుపెట్టుకుంటే తిరగేసి బిగించరు. ముందు భాగం పూర్తిగా అద్దం ఉన్న క్యాబినెట్లు చూడ్డానికి బాగుంటాయి కానీ మన ఎండలకి సరిపడవు. ఒక పరీక్ష: పక్క ప్యానెల్ తీసేసి లోడ్ వేయండి. ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే క్యాబినెట్‌కి ఊపిరాడడం లేదు. రెండు డిగ్రీలే తగ్గితే అక్కడ ఖర్చు పెట్టడం దండగ.

నీళ్ల ఎయిర్ కూలర్ సంగతి ఊరిని బట్టి ఉంటుంది. రామగుండం, నిజామాబాద్ లాంటి చోట్ల పొడి ఎండ కాబట్టి గది బాగా చల్లబడుతుంది, ప్రాసెసర్ కూడా అంతే తగ్గుతుంది. మచిలీపట్నం, విశాఖలో గాలిలో అప్పటికే తేమ ఉంటుంది, పెద్దగా లాభం ఉండదు. ఏ ఊరైనా కూలర్ గాలి నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పకండి. తుంపర పడుతుంది, బోరు నీళ్లయితే ఉప్పు తెల్లగా బోర్డు మీద పేరుకుంటుంది.

సొంత ఇల్లయి, పై అంతస్తు గదైతే డాబాకి తెల్లటి కూల్ రూఫ్ రంగు వేయించడం కంప్యూటర్‌కీ మీకూ మేలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది.

8. ఎండాకాలానికి వేరే ప్రొఫైల్

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మధ్యాహ్నం పరీక్ష నెగ్గిన సెట్టింగే మీ వేసవి సెట్టింగ్. దాన్ని బయోస్‌లో ఒక ప్రొఫైల్‌గా, చలికాలం వేగాన్ని ఇంకో ప్రొఫైల్‌గా సేవ్ చేసుకోండి. మార్చిలో ఒకటి, వానలు బాగా పడి గది 30 లోపుకి వచ్చాక ఇంకోటి లోడ్ చేస్తే సరి. ఫ్యాన్లు అస్తమానం హెచ్చుతగ్గులవుతూ విసిగిస్తుంటే ఫ్యాన్ సెట్టింగ్‌లో "స్టెప్ అప్ టైమ్" మూడు నాలుగు సెకన్లు పెట్టండి.

ఈ ప్రొఫైళ్లు బయోస్ అప్‌డేట్ చేస్తే చాలా బోర్డుల్లో చెరిగిపోతాయి. అందుకని వోల్టేజీ, వేగం, ఫ్యాన్ పేజీలని ఫోన్‌తో ఫోటో తీసి, 4వ మెట్టులో రాసుకున్న కాగితంతో పాటు దాచుకోండి.